కుక్క ఒంటిమీద గడ్డ చేతికి తగిలితే...

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుమీద కూర్చుని మీ కుక్క మెడ నిమురుతున్నారు. చర్మం కింద ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నిన్నటిదాకా లేదే అనుకుంటారు. నిజానికి అది ఎన్నాళ్ళనుంచి ఉందో! బొచ్చు కింద ఏముందో రోజూ ఎవరు చూస్తారు?

ముందు బొచ్చు విడదీసి వెలుతురులో చూడండి. మన కోనసీమ తోటల్లో, గట్లమీద తిరిగే కుక్కకు పట్టిన గోమారి నెత్తురు తాగి ఉబ్బితే అచ్చం గడ్డలాగే ఉంటుంది. దాని కాళ్ళు కనిపిస్తే సందేహం తీరినట్టే. ముట్టుకుంటే వేడిగా ఉండి కుక్క మూలిగిందంటే ముల్లో, కాట్లాటలో దిగిన పన్నో చీము పట్టి ఉండవచ్చు. దానికీ వైద్యం కావాలి.

ఈ రెండూ కాకపోతే? ఇక్కడే చాలామంది పొరబడతారు. "మెత్తగా ఉంది, నొప్పి లేదు, భయం లేదు" అనుకుంటారు. వయసు మళ్ళి ఒళ్ళుచేసిన కుక్కల్లో వచ్చే కొవ్వుగడ్డ మెత్తగా, వేలితో కదిపితే కదులుతూ ఉంటుంది. దానివల్ల సాధారణంగా ప్రమాదం లేదు. కాని మాస్ట్ కణాల కాన్సరు కూడా అలాగే ఉండవచ్చు. పైగా అది ఒకనాడు ఉబ్బి, మరునాడు తగ్గవచ్చు. "తగ్గింది కదా" అని మీరు ఊరుకుంటే నెలలు గడిచిపోతాయి. చేత్తో నొక్కి చూసి అది ఫలానా గడ్డ అని డాక్టరైనా ఖాయంగా చెప్పలేరు. సన్నని సూది గుచ్చి, కొద్దిగా కణాలు తీసి, గాజుపలకమీద పూసి మైక్రోస్కోపులో చూడాలి. మత్తు సాధారణంగా అక్కరలేదు.

గడ్డ సెంటీమీటరుకు మించి ఉండి నెల దాటితే ఈ పరీక్ష చెయ్యమని అడగండి. పుండుపడినా, గబగబా పెరుగుతున్నా నెల ఆగవద్దు. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా ముందు దగ్గరి పశువుల డాక్టరుకు చూపించండి. అక్కడ వీలుకాకపోతే గన్నవరం పశువైద్య కళాశాలకు వెళ్ళవచ్చునేమో ఆయన్నే అడగండి.

ఆడకుక్క అయితే పొట్టకింద చన్నులు వరసగా తడమండి. అక్కడి గడ్డల్లో కాన్సరువి తక్కువేమీ కాదు. చిన్న వయసులోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తే ఈ బెడద తగ్గుతుందంటారు.

వీధిలోకి వదిలే కుక్కలకు ఇంకోటుంది. జతకట్టినప్పుడు కాన్సరు కణాలే ఒకదాన్నుంచి మరొకదానికి అంటుకుంటాయి. వింతగా ఉంది కదూ! రష్యా పశువైద్యుడు నొవిన్‌స్కీ 1876లోనే ఒక కుక్క కణితి ముక్కను మరో కుక్కకు అంటించి పెంచి చూపాడు. ఆడకుక్కకు నెత్తురు చుక్కలు పడుతుంటే "ఎదకొచ్చింది" అని వదిలేస్తారు, మగకుక్కకూ వస్తుంది. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షను ఇస్తే చాలామటుకు పూర్తిగా నయమవుతుంది.

గడ్డకు సున్నం పెట్టడం, దారం బిగించడం, పిండడం వద్దు. మాస్ట్ కణాల గడ్డను నలిపితే చుట్టూ ఎర్రగా వాస్తుంది, వాంతులూ కావచ్చు. నొప్పికని మనం మింగే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయకండి. అవి కుక్క ప్రాణానికే ముప్పు. స్కేలు పెట్టి కొలిచి, తేదీ, కొలత, ఏ చోట ఉందో గోడ క్యాలెండరుమీద రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది "ఎన్నాళ్ళయింది?" అనే.