తారు కింద దొరికిన పట్టాలు

రోజీ, పెటూనియా, మటిల్డా. పేర్లు వింటే ఎవరో అమ్మమ్మల పేర్లలా ఉన్నాయి కదూ! వయసుకి కూడా అమ్మమ్మలే. రోజీ 1909లో పుట్టింది, పెటూనియా 1920లో, మటిల్డా 1925లో. ఇవి డాలస్‌లో మెకిన్నీ అవెన్యూ ట్రామ్ సంస్థ బాగుచేసి నిలబెట్టిన పాత ట్రామ్ బళ్ళు. మెకిన్నీ అంటే మన పక్కూరు అనుకోకండి, డాలస్ అప్‌టౌన్‌లో ఆ పేరుతో ఒక రోడ్డు ఉంది. మనలో చాలామందికి ఈ లైను సంగతే తెలీదు. తెలిసినవాళ్ళు పిల్లల్ని ఎక్కించి, రెండు ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. ఆ ట్రామ్ మళ్ళీ ఎలా వచ్చిందో తెలుసుకుంటే మాత్రం ఫ్రిస్కోలో ఉండే మనకి బాగా పనికొస్తుంది.

ఒకప్పుడు డాలస్‌లో ఏ పేటకి వెళ్ళాలన్నా ట్రామే. తర్వాత బస్సులొచ్చాయి, ఇంటింటికీ కారొచ్చింది, 1956 జనవరిలో చివరి ట్రామ్ ఆగిపోయింది. మెకిన్నీ అవెన్యూలో పట్టాల్ని పీకకుండా పైన తారు పోసేశారు. పాతికేళ్ళ పాటు ఆ రోడ్డు మీద కార్లు తిరిగాయి, కింద పట్టాలున్నాయన్న సంగతి జనం మర్చిపోయారు.

1980ల మొదట్లో ఆ తారు లేచినచోట కింద ఎర్ర ఇటుకల రోడ్డు, ఇటుకల మధ్య పట్టాలు బయటపడ్డాయి. ఆ వీధిలో రెస్టారెంట్ నడిపే ఫిల్ కాబ్ అనే ఆయన వాటిని చూసి, పట్టాలు ఉండనే ఉన్నాయి, ట్రామ్ ఎందుకు నడపకూడదు అన్నాడు. పాత ట్రామ్‌లంటే ప్రాణం పెట్టే ఎడ్ లాండ్రమ్ ఆయనకి తోడయ్యాడు. ఒకాయనకి వీధి బాగుపడాలని, ఇంకొకాయనకి బండి బతకాలని. 1983లో లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. 1989 జులై 22న తొలి ట్రామ్ కదిలింది.

మధ్యలో ఆరేళ్ళు ఏం చేశారు? విరాళాలు అడిగారు, ప్రభుత్వ గ్రాంటు కోసం తిరిగారు, అరిగిపోయిన పట్టాలు మార్చారు, పైన కరెంటు తీగ లాగారు. బళ్ళు కావాలి కదా, వాటికోసం ఊళ్ళూ దేశాలూ గాలించారు. ట్రామ్‌లు ఆపేసిన రోజుల్లో అమెరికా అంతటా వాటిని చవగ్గా అమ్మేస్తే కొన్నవాళ్ళు షెడ్లుగా, ఇళ్ళుగా వాడుకున్నారు. పెటూనియా డాలస్ వీధుల్లోనే తిరిగిన బండి. రోజీ ఫిలడెల్ఫియాలో తయారై, పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో తిరిగి, మళ్ళీ సముద్రం దాటి టెక్సాస్ వచ్చింది. మటిల్డా మెల్‌బోర్న్ ఆడపడుచు. మెల్‌బోర్న్‌లో ఉన్న మన చెల్లెళ్ళకి ట్రామ్ అంటే వింతేమీ కాదు, వాళ్ళ ఊరివాళ్ళు పట్టాల్ని కప్పేయకుండా కాపాడుకున్నారు. ఈరోజు ప్రపంచంలో అతి పెద్ద ట్రామ్ వ్యవస్థ వాళ్ళదే.

మొదట్లో మూడు మైళ్ళు కూడా లేని లైను మెల్లగా పెరిగింది. 2002లో సిటీప్లేస్ దగ్గర డార్ట్ రైలు స్టేషన్‌తో కలిసింది. తర్వాత డౌన్‌టౌన్‌లోకి ఇంకొంచెం సాగింది. ఎక్కడానికి టికెట్ లేదు. డార్ట్ ఇచ్చే డబ్బు, అప్‌టౌన్ ఆస్తుల మీద వేసే ప్రత్యేక పన్ను, జనం ఇచ్చే విరాళాలు, వీటితో నడుస్తోంది. ట్రైనింగ్ తీసుకుని ట్రామ్ నడిపిన వాలంటీర్లు కూడా ఉన్నారు. గుళ్ళో అన్నదానానికి వంతులు వేసుకున్నట్టే అనుకోండి.

*మన అమ్మమ్మల మద్రాసు, మన కోనసీమ*

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. మద్రాసులో 1895లోనే కరెంటు ట్రామ్ నడిచింది. అక్కడ చదువుకున్న, కాపురం చేసిన తెలుగువాళ్ళు ఎందరో ఎక్కి తిరిగారు. 1953లో నష్టాలతో మూతపడింది, మళ్ళీ రాలేదు.

పోయింది తిరిగొచ్చిన సంగతి కూడా మన దగ్గర ఉంది. కాకినాడ నుంచి కోటిపల్లికి ఉన్న రైలు లైను పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకి తీసుకుపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు జనం అడుగుతూనే ఉన్నారు. జి.ఎం.సి. బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా దాన్ని గట్టిగా పట్టించుకున్నారు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో ఆ లైను మీద మళ్ళీ రైలు వచ్చింది. అడిగేవాళ్ళు అలిసిపోయి ఊరుకుని ఉంటే ఆ పని జరిగేదా?

*రైలు పేరు పెట్టుకున్న ఊరు*

ఇప్పుడు మన ఊరి సంగతి. ఫ్రిస్కో అన్న పేరు ఎక్కడిది? సెయింట్ లూయిస్ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని జనం ముద్దుగా పిలుచుకున్న పేరు అది. 1902లో ఆ రైలు ఇటుగా వస్తే, ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టే చోట ఊరు లేచింది. పక్కనే ఉన్న లెబనాన్ అనే ఊళ్ళో కొందరు ఇళ్ళకి ఇళ్ళే కదిలించుకుని రైలు దగ్గరికి వచ్చేశారట. 1904లో ఊరికి రైలు పేరే ఖాయమైంది. అలాంటి ఊళ్ళో ఈరోజు ప్రయాణికుల రైలు ఒక్కటి లేదు. పట్టాలు మాత్రం ఉన్నాయి. గూడ్స్ బండి వచ్చినప్పుడు గేటు దగ్గర ఆగి విసుక్కుంటామే, అవే.

2000లో ఇక్కడ జనం 33 వేల పైచిలుకు, 2020 లెక్కల్లో రెండు లక్షలు దాటారు. ఇంత పెరిగిన ఊళ్ళో కారు లేని మనిషి పరిస్థితి ఏమిటో మన గ్రూపులు చూస్తే తెలుస్తుంది. "అమ్మ వాళ్ళు వచ్చారు, కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం ఎవరైనా రైడ్ ఇస్తారా?" "లైసెన్స్ ఇంకా రాలేదు, ఇంటర్వ్యూకి వెళ్ళాలి, ఊబర్‌కి ఎంతవుతుంది?" ఇలాంటి మెసేజ్‌లు ఎన్ని చూడలేదు! ఊళ్ళో ఒంటరిగా బస్సెక్కి బజారు చేసుకొచ్చిన అత్తయ్య ఇక్కడ ఆరు నెలలూ కిటికీ దగ్గర కూర్చుంటుంది. హెచ్4 మీద వచ్చిన అమ్మాయి పాల ప్యాకెట్‌కి కూడా భర్త మీటింగ్ అయ్యేదాకా ఆగుతుంది. పెద్దవాళ్ళకీ, వైకల్యం ఉన్నవాళ్ళకీ ముందుగా బుక్ చేసుకుంటే వచ్చే బండి ఏర్పాటు ఉంది, సిటీ వెబ్‌సైట్‌లో వివరాలు చూడండి. మిగతావాళ్ళకి మాత్రం కారే దిక్కు.

డార్ట్ రైలు ప్లానోలో ఆగిపోతుంది, మన దాకా ఎందుకు రాదు? జవాబు మీ కాస్ట్‌కో బిల్లులోనే ఉంది. సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం వేస్తారు కదా, అందులో 6.25 రాష్ట్రానిది. ఊరి వాటా రెండు శాతానికి మించకూడదని టెక్సాస్ చట్టం. 1983లో ఓటేసి డార్ట్‌లో చేరిన ఊళ్ళు ఆ రెండులో ఒక శాతాన్ని రవాణాకి కేటాయించాయి. ఫ్రిస్కో ఆ శాతాన్ని రెండు సగాలు చేసి, ఒకటి కంపెనీల్ని రప్పించే సంస్థకి, ఇంకొకటి పార్కులూ స్టేడియంలూ లాంటివాటికి సాయపడే సంస్థకి ఇస్తోంది. ఆ పార్కుల్లో మన పిల్లలే ఆడుతున్నారు, కాదనలేం. ఆ కంపెనీల్లో మనవాళ్ళూ పని చేస్తున్నారు. అందుకే డార్ట్‌లో చేరడం అనుకున్నంత తేలిక కాదు, దేన్నో తగ్గించుకోవాలి. అయినా ఇది ఎవరో రాసిపెట్టిన తలరాత కాదు, ఓట్లతో చేసుకున్న ఏర్పాటు. ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో దాకా ఉన్న గూడ్స్ లైను మీద ప్రయాణికుల రైలు నడపొచ్చా అని ఈ ప్రాంత ప్రణాళికా సంస్థ అధ్యయనం కూడా చేయించింది. కాయితం మీద ఉన్నది నేల మీదకి రావాలంటే అడిగే గొంతులు కావాలి.

మనలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు, నిజమే. కానీ సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో పేరు రాసిచ్చి కాసేపు మాట్లాడటానికి పాస్‌పోర్ట్ ఏ రంగుదని అడగరు. పౌరసత్వం వచ్చినవాళ్ళు లోకల్ ఎన్నికల్లో తప్పకుండా ఓటెయ్యండి. అభ్యర్థులు మన బతుకమ్మకీ దీపావళికీ వచ్చి నమస్తే అంటారు కదా, అప్పుడు ఫోటోతో పాటు ఒక ప్రశ్న కూడా అడగండి: "మా అమ్మ ఈ ఊళ్ళో కారు లేకుండా గుడికి ఎలా వెళ్ళాలి?"

*ఒక రోజు వెళ్ళి రండి*

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇలా చెయ్యండి. ప్లానోలో పార్కర్ రోడ్ స్టేషన్‌లో కారు పెట్టండి. రెడ్ లైన్ రైలెక్కితే అరగంటకి కాస్త అటూఇటూగా సిటీప్లేస్/అప్‌టౌన్ స్టేషన్. భూమి లోపల బాగా లోతులో ఉంటుంది, పొడుగాటి ఎస్కలేటర్లు చూసి అమ్మ భయపడితే లిఫ్ట్ ఉంది. పైకొస్తే అక్కడే ట్రామ్. బండిని తిప్పే గుండ్రటి టర్న్‌టేబుల్‌ని పిల్లలకి చూపించండి. పాత బళ్ళ మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే చెయ్యి అందించండి. మెకిన్నీ అవెన్యూ మీదుగా క్లైడ్ వారెన్ పార్క్ దగ్గర దిగండి. ఫ్రీవే పైన కప్పు వేసి కట్టిన పార్క్ అది, పులిహోర డబ్బా విప్పడానికి మంచి చోటు. పక్కనే డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్, మామూలు ప్రవేశం ఉచితం.

వచ్చేటప్పుడు డౌన్‌టౌన్ ప్లానోలో దిగి ఇంటర్అర్బన్ రైల్వే మ్యూజియం చూడండి, తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి. డెనిసన్ నుంచి మెకిన్నీ, ప్లానోల మీదుగా డాలస్‌కి కరెంటు రైలు నడిచేది, 1948 డిసెంబర్ 31తో ఆగిపోయింది. అంటే ఎనభై ఏళ్ళ కిందట మెకిన్నీ ఊళ్ళో ఒకావిడ కారు లేకుండా డాలస్ వెళ్ళి చీకటి పడేలోపు ఇంటికి రాగలిగేది. అప్పుడున్న సౌకర్యాన్నే ఇప్పుడు అడుగుతున్నాం, గొంతెమ్మ కోరికేం కాదు.