ధాన్యం కొట్టులో సినిమా హాలు

ఖాళీ గది, 45 వేల రూపాయలు, నాలుగు పాత పరుపులు ఉంటే ఇంట్లోనే సినిమా హాలు అమర్చుకోవచ్చు. అయితే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో ముందే తెలుసుకోవాలి.

కోత మిషన్లు వచ్చాక డెల్టా పల్లెల్లో చాలా ఇళ్ళకు ధాన్యం రావడమే తగ్గిపోయింది. చేలో కోసిన గింజ చేలోనే ట్రాక్టరెక్కి మిల్లుకు పోతోంది. ధాన్యం కొట్టు గది మాత్రం ఇంట్లో మిగిలింది. కృష్ణా డెల్టాలో ఐదెకరాల రైతు ఒకరి ఇంట్లోనూ అలాంటి గది ఉంది. పొడవు 14 అడుగులు, వెడల్పు 10 అడుగులు. మందపాటి గోడలు, ఒకటే చిన్న కిటికీ. మినుములు ఇంటికొచ్చాక రెండు నెలలు బస్తాలుంటాయి. మిగతా పది నెలలూ ఖాళీ.

"టౌన్లో హాలు తీసేసి కల్యాణ మండపం కట్టారండి. ఇంకో హాలుందిగానీ మెట్లెక్కాలంటే మా నాన్నగారికి మోకాళ్ళు సహకరించవు. ఆయనకేమో సినిమా అంటే ప్రాణం. అందుకే ఈ గదిలో ఏర్పాటు చేద్దామనుకున్నాం" అంటారా రైతు.

మినుములు అమ్మిన డబ్బులో కౌలు, సార్వా పెట్టుబడి, పిల్లల ఫీజులు పక్కన పెట్టగా 45 వేలు మిగిలాయి. అంతకు మించి రూపాయి కూడా పెట్టకూడదనుకున్నారు. వాయిదాల మీద ఇంకా పెద్ద టీవీ ఇస్తామని షాపువాళ్ళు చెప్పినా ఒప్పుకోలేదు. "పంట ఆలస్యమైనా వాయిదా ఆగదు కదండీ" అన్నది ఆయన మాట.

మొదట 43 అంగుళాల టీవీ కొని ఓ చివర గోడకు బిగించారు. రెండో చివర గోడకు ఆనించి మంచాలు వేశారు. బంధువుల ఇంట్లో మూలనపడ్డ పాత ఆంప్లిఫయరు, రెండు పెద్ద సౌండు బాక్సులు తెచ్చి కలిపారు. మొదటి రాత్రి అరగంట చూశాక పెద్దాయన లేచిపోయారు. "ఒరేయ్, ఫైటింగులు బాగానే వినబడతన్నాయి. మాటే తెలవట్లేదురా" అన్నారు. సౌండు పెంచితే ఇంకా గందరగోళమైంది. అసలు పని అక్కడి నుంచి మొదలైంది.

చప్పట్లు కొట్టి చూడండి

ఖాళీ గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. వెనకాలే ఖంగుమని మోగితే ఆ గదిలో మాట తెలియదు. నున్నటి సిమెంటు గోడలు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. ఒక మాట చెవికి చేరేలోపు దాని ముందు మాట గోడకు తగిలి వచ్చి కలిసిపోతుంది. వయసు మీద పడ్డవారికి స, శ, త, క లాంటి సన్నని ధ్వనులు ముందే మందగిస్తాయి. అందువల్ల వాళ్ళకీ ఇబ్బంది ఎక్కువ. ఎంత సౌండు పెంచితే ప్రతిధ్వనీ అంతే పెరుగుతుంది.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. పాత దూది పరుపులు మూడు నాలుగు అంగుళాల మందం ఉండేలా కుట్టించి, కొయ్య చట్రాలకు బిగించి, గోడకు రెండంగుళాలు ఎడంగా వేలాడదీయాలి. వెనకాల ఖాళీ ఉంటే బొంగురు శబ్దాన్ని కూడా కొంత పీల్చుకుంటాయి. పల్చటి తెరగుడ్డ ఒక్కటే కడితే సన్నని శబ్దాలు మాత్రమే తగ్గుతాయి. కింద జంపఖానా పరవాలి.

పరుపు ఎక్కడ కట్టాలన్నది తెలుసుకోవడానికి తేలిక పద్ధతుంది. చూసేవాళ్ళు కూర్చునే చోట ఒకరు కూర్చోవాలి. మరొకరు అద్దం పట్టుకుని పక్క గోడ వెంట మెల్లగా నడవాలి. కూర్చున్నవారికి అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడ పరుపు కట్టాలి. రెండు పక్కలా ఇలాగే చూసుకుని, కూర్చునేవారి వెనక గోడకూ కడితే సగం పని అయినట్లే.

కోళ్ళఫారాల నుంచి గుడ్ల అట్టలు తెచ్చి గోడలకు అంటించేవారున్నారు. వాటివల్ల ఒరిగేది చాలా తక్కువ. పైగా నిప్పురవ్వ పడితే ఇట్టే అంటుకుంటాయి. థర్మోకోలు శబ్దాన్ని పీల్చుకోదు, అంటుకుంటే విషపు పొగ వస్తుంది. పరుపులైనా స్విచ్చి బోర్డులకు దూరంగానే ఉండాలి.

టీవీ పెంచొద్దు, మంచం జరపండి

టీవీ సైజును మూల నుంచి మూలకు అంగుళాల్లో కొలుస్తారు. దాన్ని 1.6తో హెచ్చవేస్తే, సినిమా హాల్లో చూసినట్లుండాలంటే ఎంత దూరంలో కూర్చోవాలో వస్తుంది. 43 అంగుళాల టీవీకి సుమారు 6 అడుగులు, 55 అంగుళాలకు ఏడున్నర అడుగులు. 12 అడుగుల అవతల కూర్చుని 43 అంగుళాల బొమ్మ చిన్నదని బాధపడేకంటే మంచం ముందుకు జరపడం మేలు. ఈ ఇంట్లో చేసిందదే. పైసా ఖర్చు లేకుండా బొమ్మ పెద్దదైంది. వెనక గోడ పక్కన వినబడే బొయ్‌మన్న మోతా తగ్గింది.

ప్రొజెక్టరు పెడితే 100 అంగుళాల బొమ్మ వస్తుంది కదా అని కొందరు అడుగుతున్నారు. ఆ బొమ్మకు గోడ మీద ఏడుంపావు అడుగుల వెడల్పు, పైన చెప్పిన లెక్కన 13 అడుగులకు పైగా దూరం కావాలి. గది చీకటిగా ఉండాలి. సున్నం వేసిన తెల్ల గోడలు వెలుతురును తిరిగి తెర మీదకే కొట్టి బొమ్మను వెలిసిపోయేలా చేస్తాయి. చవక ప్రొజెక్టర్ల డబ్బాల మీద రాసే వేలకు వేల ల్యూమెన్లు నమ్మొద్దు. ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో, అసలు రిజల్యూషను ఎంతో అడగాలి. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారికి టీవీయే నయం. 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు కూడా.

మాట మధ్య నుంచి రావాలి

ఇప్పటి సినిమాల ఐదు స్పీకర్లు, ఒక ఊఫరు పద్ధతిలో మాటలు ఎక్కువగా నడిమి స్పీకరు నుంచే వస్తాయి. పక్క స్పీకర్లు పాటకు, వెనక స్పీకర్లు గాలికీ వానకీ. డబ్బు తక్కువైతే వెనక స్పీకర్లు మానుకోవచ్చు, నడిమిది మానకూడదు. ఈ రైతు పాత బాక్సులు తిరిగిచ్చేసి, విడిగా సెంటర్ స్పీకరు, ఊఫరు ఉన్న సౌండ్ బార్ కొన్నారు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రంలో ఒక్క తీగ పెడితే చాలు. ఊఫరును గది మూలన పెడితే మోత పెరుగుతుంది. మూల నుంచి కాస్త ఇవతలికి జరిపి, సౌండు తగ్గించి పెట్టుకోవాలి.

పరుపులు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయేగానీ శబ్దాన్ని పక్కింటికి పోకుండా ఆపలేవు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి. పదైతే ఊఫరు కట్టేయడం మంచిది. ఇంత చేసినా పెద్దవాళ్ళకు మాట తెలియకపోతే ఆసుపత్రిలో చెవులు చూపించాలి. ఒక్కోసారి గులిమి తీయిస్తేనే సరిపోతుంది.

కరెంటుతో ఆటలొద్దు

పాత ఆంప్లిఫయరు పెట్టిన రెండో రోజు ఆ ఇంటి ఇల్లాలు తడికాళ్ళతో గది తుడుస్తూ దాని రేకు ముట్టుకున్నారు. చెయ్యి జివ్వుమంది. "ఏమండీ, ఇది కొడతాంది, ముట్టుకోమాకండి" అని కేకేశారు. చూస్తే పొడుగు తీగ పెట్టెకు ఎర్తు పిన్నే లేదు. ఇంటి ఎర్తు గుంత ఎండిపోయి ఏళ్ళయింది. పోయేది ప్రాణమే.

అందుకే 5 వేలు కరెంటు పనికి తీశారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో కొత్త ఎర్తు వేయించి, ఆ గదికి వేరే లైను లాగించారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించారు. కరెంటు మనిషి ఒంట్లోకి పారబోతే రెప్పపాటులో లైను కొట్టేసే పరికరమిది. దాని మీదుండే టెస్టు మీట నొక్కి అప్పుడప్పుడూ పనిచేస్తున్నదీ లేనిదీ చూసుకోవాలి. ఎండాకాలం ఎర్తు గుంతలో నీళ్ళు పోయాలి. ఓల్టేజీ ఎగుడుదిగుడులకు స్టెబిలైజరు ఉండాలి. ఉరుములు మెరుపులు మొదలవుతున్నాయంటే టీవీ ప్లగ్గు, డిష్షు తీగ రెండూ పీకేయాలి. నేరుగా పడే పిడుగును ఏ స్టెబిలైజరూ ఆపలేదు.

బిళ్ళలు పెట్టిన గదిలో కూర్చోవద్దు

ఇది రైతు ఇళ్ళకే ప్రత్యేకమైన హెచ్చరిక. బస్తాలకు పురుగు పట్టకుండా కొందరు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు పెడుతుంటారు. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫిన్ వాయువు వస్తుంది. అది ప్రాణాంతకం. సందుల్లోంచి పక్క గదుల్లోకీ పాకుతుంది. శిక్షణ పొందిన అధీకృత సంస్థలవాళ్ళు తప్ప మామూలు రైతులు ఇళ్ళలో వాడరాదు. పైగా ఆ వాయువు రాగిని తినేస్తుంది, టీవీ లోపలి భాగాలూ పాడవుతాయి. మనుషులు కూర్చునే గదిలో, పడుకునే గదుల పక్కన ఆ బిళ్ళల ఊసే వద్దు. పురుగు మందు డబ్బాలు, మందు పట్టించిన విత్తనాలు కూడా ఆ గదిలో ఉంచరాదు. ఈ ఇంట్లో ముందుగా గోడలు కడిగించి, ముదురు రంగు వేయించారు. మినుములు బాగా ఎండబెట్టి మూతి బిగించిన డబ్బాల్లో వేరేచోట పెడుతున్నారు.

ఖర్చు లెక్క

టీవీకి 23,500 రూపాయలు, సౌండ్ బార్‌కు 11,000, కరెంటు పనికి 5,000, స్టెబిలైజరుకు 2,000, పరుపుల కుట్టుకూలి, చట్రాలు, రంగు, కిటికీ తెరకు 3,000. మొత్తం 44,500. ధరలు ఊరిని బట్టి, కొనే వేళను బట్టి మారతాయి. వరస మాత్రం మార్చొద్దు. ముందు కరెంటు, తర్వాత గది, ఆ తర్వాత సౌండు, చివరికి టీవీ. మొదట టీవీ కొంటే మిగతావాటికి డబ్బు మిగలదు.

అన్నీ సర్దాక మళ్ళీ అదే సినిమా వేశారు. పెద్దాయన మంచం మీద కూర్చుని ఆఖరిదాకా చూశారు. మధ్యలో ఒక్కసారే కొడుకును పిలిచారట.

"ఒరేయ్, సౌండు కాస్త తగ్గించరా. మాట బాగానే తెలుస్తాంది."