తేలే బెండు – మూడు మూలాలు

మన నెల్లూరు తీరాన, మైపాడులో గాని కృష్ణపట్నం చేరువలో గాని, సముద్రంలో పరచిన వలలను తేల్చి ఉంచే గుండ్రని బెండ్లను మనమందరం చూచినవారమే. అట్టి బెండు ఒకటి, తన పరిమాణమంత ఉప్పునీటి బరువులో నాలుగవ వంతు మాత్రమే తూగుతుందనుకొందాం. వలకు కట్టకుండా నీటిలో విడిచితే అది ఎంత లోతు మునుగుతుంది? ఈ చిన్న ప్రశ్న మనలను గణితశాస్త్రంలోని ఒక పెద్ద సమస్య వద్దకు కొనిపోతుంది.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుందన్నది ఆర్కిమిడీస్ సూత్రం. కావున బెండు ఘనపరిమాణంలో నాలుగవ వంతు నీటిలో ఉండాలి. వ్యాసార్ధాన్ని 1 గాను, మునిగిన లోతును క్ష గాను తీసుకొంటే, మునిగిన భాగం క్ష²(3 – క్ష)కు అనుపాతంలో ఉంటుంది. గోళమంతా మునిగినప్పుడు, అనగా క్ష = 2 అయినప్పుడు, దీని విలువ 4. అందులో నాలుగవ వంతు 1. ఫలితంగా క్ష³ – 3క్ష² + 1 = 0 అనే ఘన సమీకరణం ఏర్పడుతుంది.

గోళాన్ని ఒక తలంతో ఇచ్చిన నిష్పత్తిలో ఖండించే ఈ సమస్య ఆర్కిమిడీస్ నాటిదే. 9వ శతాబ్దంలో అల్ మాహానీ దానిని ఘన సమీకరణంగా మార్చాడు గాని సాధించలేకపోయాడు. రుబాయీల కవిగా మనమెరిగిన ఉమర్ ఖయ్యాం (1048–1131) శంకుచ్ఛేదాల సహాయంతో ఘన సమీకరణాలను సాధించాడు. 12వ శతాబ్దంలో షరఫుద్దీన్ తూసీ మరొక అడుగు ముందుకు వేసి, ఇట్టి సమీకరణానికి ధనమూలాలు ఎన్ని ఉండగలవని విచారించాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న నేటి విద్యార్థి తరచు మరచేది ఆ ప్రశ్ననే.

గణిత సాఫ్ట్‌వేర్‌కు సమీకరణాన్ని అందిస్తే సమాధానం క్షణంలో వస్తుంది. అయితే అది అనేక సందర్భాలలో మనమిచ్చే ప్రారంభ విలువపై ఆధారపడుతుంది. న్యూటన్ పద్ధతిలో 1తో ప్రారంభిస్తే 0.6667, 0.6528 మీదుగా 0.6527 చేరుకొంటాం. 3తో ప్రారంభిస్తే 2.8794, –1తో ప్రారంభిస్తే –0.5321 లభిస్తాయి. 0 వద్ద అవకలజం సున్న కావున పద్ధతి ఆగిపోతుంది. మూడూ మూలాలే. కాని బెండు వ్యాసమే 2 గనుక మనకు పనికివచ్చేది 0.6527 మాత్రమే. 2.8794ను చూచి తృప్తిపడినవాడు తేలే బెండును ముంచివేసినవాడవుతాడు!

మరి మూలాలన్నీ దొరికాయని తెలిసేదెట్లు? –1, 0, 1, 2, 3 వద్ద సమీకరణపు ఎడమవైపు విలువలు వరుసగా –3, 1, –1, –3, 1. గుర్తు మూడుచోట్ల మారింది. ఘన సమీకరణానికి మూడుకు మించి మూలాలుండవు. కావున అన్నీ దొరికినట్లే. బహుపదులైతే మాట్‌ల్యాబ్‌లోని 'రూట్స్' ఆదేశం గుణకాలతో ఒక మాత్రికను నిర్మించి, దాని ఐగెన్ విలువలుగా మూలాలన్నిటిని ఒకేసారి ఇస్తుంది. టాన్ క్ష = క్ష వంటి సమీకరణాలకు మూలాలు అనంతం. అక్కడ హద్దులను మనమే నిర్ణయించి, చిన్న అంతరాలుగా విభజించి వెదకాలి.

గుర్తు మార్పును మాత్రమే నమ్మడం కూడా ప్రమాదమే. బెండు బరువు అంతే పరిమాణంగల సముద్రజలం బరువుకు సమానమైతే సమీకరణం క్ష³ – 3క్ష² + 4 = 0, అనగా (క్ష – 2)²(క్ష + 1) = 0 అవుతుంది. 2 వద్ద వక్రం అక్షాన్ని తాకి మరలిపోతుంది. ఇరువైపులా విలువ ధనమే. గుర్తు మార్పును వెదికే పద్ధతి అర్థంలేని –1ని చూపి, అసలు సమాధానమైన 2ను విడిచివేస్తుంది. కావున అవకలజం సున్న అయ్యే బిందువులను కూడా పరీక్షించాలి. క్ష²(3 – క్ష) గరిష్ఠమయ్యేది ఈ 2 వద్దనే. తూసీ మూలాల సంఖ్యను నిర్ణయించినది ఇట్టి గరిష్ఠ విలువతోనే.

ఉర్దూలో 'జజ్ర్' అన్నా, తెలుగులో 'మూలం' అన్నా వేరు అనియే అర్థం. యంత్రం ఒక వేరును చూపినప్పుడు, ఇంకా ఎన్ని ఉన్నవని అడగడం విద్యార్థి ధర్మం.