రోగమొకటి - మందొకటి

జ్వరము రాని యిల్లు లేదు. జ్వరపడినవారి మంచముచెంత రాత్రులు మేల్కొనువారము మనమే, గంజి కాచి పోయువారము మనమే, వైద్యుడు "ఎన్నాళ్లనుండి?" యని యడిగినపుడు బదులు చెప్పవలసినవారమును మనమే. కావున వైద్యుడు పొరబడి యొక రోగమునకు వేరొక మందిచ్చినపుడు కలుగు కీడును గూర్చియు, అందులకు న్యాయస్థానములయందు గల పరిహారమును గూర్చియు సోదరీమణులు కొంత తెలిసికొనుట యవసరమని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది నేడు పుట్టిన విచారము గాదు. ముందు రోగమును పరీక్షించి పిమ్మటనే యౌషధమును నిర్ణయింపవలెనని చరకసంహిత చెప్పుచున్నది. ప్రాణాపాయకరమైన రోగమని తెలుపకయే చికిత్స చేయగా రోగి మరణించినచో వైద్యునకు ప్రథమసాహసదండమును, చికిత్సలోని తప్పుచే మరణించినచో మధ్యమసాహసదండమును కౌటిల్యుడు విధించెను.

ఇక మన హైదరాబాదు నగరమున జరిగిన యొక వృత్తాంతమును వినుడు. 2002వ సంవత్సరము జూలై 20వ తేదీన ఒక గృహిణి జ్వరముతోను చలితోను బాధపడుచు నొక ప్రైవేటు ఆసుపత్రిలో చేరెను. ఆమె భర్త మలేరియా శాఖలోనే యుద్యోగి. అచ్చటి వైద్యులు టైఫాయిడని తలంచి దానికే చికిత్స చేసిరి, మలేరియాకు మందీయలేదు. జూలై 24వ తేదీన, ఊపిరి యాడని స్థితిలో ఆమెను వేరొక యాసుపత్రికి తరలించిరి. నాడే యామె ప్రాణము విడిచెను. మరణపత్రమున మలేరియా యని వ్రాయబడెను. ఊరివారినెల్ల మలేరియానుండి కాపాడుట యెవరి యుద్యోగమో, వారి యింటి యిల్లాలే దానికి బలియయ్యెను!

ఆయన జిల్లా వినియోగదారుల ఫోరమునందు ఫిర్యాదు చేసెను. ఆసుపత్రివారి నిర్లక్ష్యము రుజువైనదనియు, 2 లక్షల రూపాయల పరిహార మీయవలెననియు ఫోరము తీర్పు చెప్పెను. కాని నిపుణుడైన వైద్యుని సాక్ష్యము లేదని రాష్ట్ర కమిషను ఆ తీర్పును కొట్టివేసెను. జాతీయ కమిషనును అట్లే చెప్పెను. తుదకు 2010 మార్చి 8వ తేదీన సుప్రీంకోర్టు జిల్లా ఫోరము తీర్పునే నిలిపెను. చిక్కైన విషయములందు నిపుణుని యభిప్రాయము కావలసినదే గాని, తప్పు తేటతెల్లముగ కనబడుచున్నప్పుడు కూడ దానిని కోరనక్కరలేదని న్యాయమూర్తులు చెప్పిరి. పోయిన ప్రాణమునకు రెండు లక్షలు వెలయగునా? కాదు. అయినను, తప్పు జరిగినదని దేశములోని పెద్ద న్యాయస్థానము పలుకుటయందు గల యూరట ధనముతో కొలువరానిది.

అట్లని వైద్యుడు పొరబడిన ప్రతిసారియు నేరము చేసినట్లు గాదు. మలేరియా, టైఫాయిడు, డెంగీ మొదలగు జ్వరముల తొలి లక్షణములు ఒకదానిని బోలి యొకటి యుండును. సాధారణ నైపుణ్యముగల వైద్యుడు చూపదగినంత శ్రద్ధ చూపియు పొరబడినచో నది నిర్లక్ష్యము గాదని సుప్రీంకోర్టు 2005లో నిర్ణయించెను. క్రిమినలు కేసు పెట్టుటకు మఱింత ఘోరమైన నిర్లక్ష్యము కనబడవలెనని కూడ నా తీర్పే చెప్పెను. అడుగవలసిన ప్రశ్న అడిగెనా? చేయింపదగిన పరీక్ష చేయించెనా? మందు పనిచేయనప్పుడు మరల నాలోచించెనా? వైద్యుని తప్పు పట్టుటకు ముందు మనము విచారింపవలసినవి యివి.

డబ్బు పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు నిచ్చెను. అందఱికిని ఉచితముగనే వైద్యము చేయు ఆసుపత్రులకు మాత్ర మది వర్తింపదు. ఇప్పుడు అమలులోనున్న 2019 నాటి చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వైద్యమునకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. అయితే రెండేండ్లలోపల చేయవలెను. తగిన కారణము చూపిననే యాలస్యము మన్నింపబడును. దుఃఖమున మునిగి కాలమును జాఱవిడుచుట హక్కును జాఱవిడుచుటయే.

ఇందు గృహిణి చేయదగిన పని యొకటి కలదు: కాగితములను భద్రపఱచుట. మా యత్తగారి రక్తపరీక్షల కాగితములు ఒకమాఱు పాతపుస్తకములతో గూడ చిత్తుకాగితములవాని గంపలోనికి పోయినవి. మఱునాడు వైద్యుడు వానినే యడుగగా మేము తలవంచుకొని నిలిచితిమి. అప్పటినుండి మా యింట నొక సంచియు నొక పుస్తకమును గలవు. జ్వరము వచ్చిన తేదీ, చలి పుట్టిన వేళ, ఇచ్చిన మందు, చేయించిన పరీక్ష, కట్టిన సొమ్ము - అన్నియు నందే. "అమ్మా, ఇది యే రోగము? ఏ పరీక్షచే తేలినది?" యని వైద్యురాలిని వినయముగ నడుగుట తప్పు గాదు. ఆసుపత్రిలో చేరినవారి చికిత్సాపత్రములను కోరినచో 72 గంటలలోపల నీయవలెనని 2002 నాటి వైద్యుల నియమావళి చెప్పుచున్నది. రోగి తరపున ఆమె యధికారమిచ్చినవారును కోరవచ్చును.

సోదరీమణులారా! ఆ పుస్తకము వైద్యునిపై కత్తి గాదు. నూటికి తొంబదిమాఱులు అది వైద్యునకే సాయపడును. ఉన్న రోగమును సరిగా గుర్తింపజేయును. న్యాయస్థానమునకు పోవలసిన దినము రాకుండుటయే మన కోరిక. వచ్చినచో నోటిమాట నిలువదు, కాగితము నిలుచును. వంటయింటి లెక్క వ్రాయు చేతితోనే జ్వరపు లెక్కయు వ్రాయుదము.