లోడు చెప్పే ముందు లోతు చూడండి

ఇంటి వెనక కాస్త జాగా ఉండి నాలుగు కూరగాయ మొక్కలు వేద్దామనుకుంటే, కుప్పంలోనైనా మదనపల్లెలోనైనా మొదట ఆరా తీసేది ట్రాక్టర్ మట్టి ధర గురించే. ఎంత కావాలన్నది తర్వాతి మాట. ఒక లోడు తోలిద్దాం, చాలకపోతే ఇంకోటి చూద్దాం అంటారు. ఇది తలకిందుల లెక్క. మట్టి ఎంతన్నది తేల్చేవి మూడు: వేళ్లకు కావలసిన లోతు, పెరట్లో ఇప్పటికే ఉన్న నేల, పోసిన మట్టి నీళ్లు తగిలాక కుంగే తీరు. ఈ మూడూ చూసుకుంటే ఈ ప్రాంతంలో చాలా పెరళ్లకు మట్టి కంటే ఎరువే ఎక్కువ అవసరమని తెలుస్తుంది.

గణితం చిన్నదే. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల మళ్లు నాలుగు అనుకుందాం. మొత్తం 160 చదరపుటడుగులు. వాటిని తొమ్మిది అంగుళాలు, అంటే ముప్పాతిక అడుగు ఎత్తు చేయాలంటే 120 ఘనపుటడుగుల మట్టి కావాలి. ఇసుక, కంకర వ్యాపారంలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. అయితే ప్రతి ట్రాలీలోనూ యూనిట్ పట్టదు, టేపు పెట్టి కొలుచుకోవాల్సిందే. పొడవు 10, వెడల్పు 6, ఎత్తు ఒకటిన్నర అడుగులున్న ట్రాలీ సమంగా నిండితే 90 ఘనపుటడుగులే. అదీ వదులు మట్టి. నేలలో అణిగి ఉన్న మట్టిని తవ్వగానే గడ్డల మధ్య గాలి చేరి దాదాపు నాలుగో వంతు పొంగుతుంది. మడిలో పోసి కొన్ని తడులు ఇచ్చేసరికి ఆ పొంగు దిగిపోతుంది. కాబట్టి చివరికి 120 నిలవాలంటే 150 తెప్పించాలి, అంటే ఆ ట్రాలీతో రెండు లోడ్లకు కాస్త తక్కువ. తూకంతో కొంటే ఇంకా చిక్కు. వాన పడ్డ మర్నాడు అదే మట్టి బరువు పెరుగుతుంది గానీ మడిలో అది నింపే చోటు పెరగదు.

ఇంతకీ ఆ తొమ్మిది అంగుళాలూ కొనాలా? తోటకూర, కొత్తిమీర లాంటివి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మంచి మట్టి ఉంటే బతికేస్తాయి. టమాటా, వంకాయలకు అడుగు, అంతకు మించి కావాలి. ఆ లోతును పైకి కట్టుకోవచ్చు, కిందికి తవ్వుకోనూ వచ్చు. కుప్పం చుట్టూ ఉన్నవి ఎక్కువగా గ్రానైటు జాతి రాళ్లు శిథిలమై ఏర్పడ్డ ఎర్ర నేలలు. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. నీరు తొందరగా ఇంకుతుంది, తొందరగానే ఆరిపోతుంది. అంటే ఈ నేలకు గాలి, మురుగు పోయే దారి ఉన్నాయి, తడిని పట్టి ఉంచే గుణమే తక్కువ. ఆ లోటు తీర్చడానికి బయటి నుంచి ఇంకో ఎర్ర మట్టి తెచ్చి పోస్తే ఉపయోగమేముంది? ఉన్న నేలను తొమ్మిది అంగుళాలు తవ్వి, పైన రెండంగుళాలు మాగిన పశువుల ఎరువు, ఒక అంగుళం చెరువు పూడిక మట్టి పరచి కలిపేస్తే సరిపోతుంది. మొత్తం మూడంగుళాలు, అంటే 40 ఘనపుటడుగులు. సగం ట్రాలీ కూడా కాదు.

ఎరువు సరే, పూడిక మట్టి ఎందుకంటే, అందులోని సన్నని బంకమట్టి కణాలు నీటిని, పోషకాలను పట్టి ఉంచుతాయి. ఎండాకాలంలో చెరువు మట్టిని చేలకు తోలుకోవడం తెలుగు నాట పాత అలవాటే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ పూడికను రైతులు పొలాలకు తరలించుకున్నారు. ఇక్కడ లెక్కలో ఒక మెలిక ఉంది. పడి వేరుశనగ గింజల్లో పడి రాగులు పోస్తే రెండు పళ్లు కావు, రాగులు సందుల్లోకి జారిపోతాయి. ఇసుక నేలలో బంకమట్టి కలిపినా అంతే. పైగా ఎరువు ఏడాదిలో చివికి తగ్గుతుంది. మడి మట్టం ఏటా కాస్త దిగడం సహజం. దాన్ని ఎరువుతో పూడ్చాలి, మళ్లీ మట్టి లోడుతో కాదు.

చెరువు మట్టి అంత మంచిదైతే మడంతా దానితోనే నింపేయవచ్చు కదా అనవచ్చు. ఉత్త బంకమట్టి తడిస్తే ఊపిరాడనివ్వదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. మరి చవగ్గా దొరికినప్పుడు ఎక్కువ తోలిస్తే నష్టమేమిటి? పాత నేలను కదపకుండా దానిపై సన్న మట్టి పరిస్తే, రెండు పొరలు కలిసే చోట నీరు ఆగిపోతుంది. పై పొర పూర్తిగా నానే దాకా అది కిందికి దిగదు, ఈలోగా వేళ్లు కుళ్లవచ్చు. లోడుతో పాటు తుంగ గడ్డలు, వయ్యారిభామ విత్తనాలు ఉచితంగా వస్తాయి. ఆ పై మట్టి ఎవరి చేనుదో కూడా ఆలోచించాలి, అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. బలమైన అభ్యంతరం ఒకటుంది: కొత్త లేఅవుట్లలో చాలా స్థలాలు కూల్చిన గోడల శిథిలాలతో, సిమెంటు పెళ్లలతో, గరుసుతో నింపినవే. నిజమే. సున్నం, సిమెంటు కలిసిన నేల క్షారగుణానికి తిరుగుతుంది. అక్కడ ఆ చెత్త తీసేసి పూర్తి లోతు కొనక తప్పదు.

మిద్దె మీద తోటకు మాత్రం అంతా కొనుక్కోవాల్సిందే, లెక్క గట్టిగా అవసరమయ్యేదీ అక్కడే. 12 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తున్న సంచిలో ఘనపుటడుగు, అంటే 28 లీటర్లు పడుతుందనుకుంటారు. సంచి గుండ్రం కాబట్టి పట్టేది 22 లీటర్లే. దాన్ని ఉత్త మట్టితో నింపి తడిపితే 37 కిలోల దాకా తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాలు పెట్టుకున్న అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. నాలుగు సంచులతోనే అది నిండిపోతుంది, నీళ్లు పోయడానికి ఎక్కే మనిషికి వాటా మిగలదు. మట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలిపితే సంచి 25 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మె నానితే సుమారు 70 లీటర్లవుతుంది, అంటే పది సంచుల్లో మూడో వంతు నింపడానికి ఒకటే చాలు. సంచులను కప్పు నడిమధ్య గుమికూర్చకుండా గోడలు, దూలాల మీదుగా వరసగా పెట్టండి. పాత ఇల్లయితే మట్టి కొనే ముందే ఇంజినీరుకు చూపించండి.