టైరులో నత్రజనియా, మామూలు గాలియా?

వేసవిలో కారులో దూరప్రయాణమునకు బయలుదేరినవారికి పెట్రోలు బంకు వద్ద ఒక ప్రశ్న ఎదురవుతుంది: "గాలి పట్టమంటారా, నైట్రోజన్ పట్టమంటారా?" గాలికి సాధారణముగా డబ్బు తీసుకోరు, నైట్రోజనుకు టైరుకింత అని పుచ్చుకొంటారు. ఎండకు టైరు పేలకుండా ఇదే కాపాడుతుందని అక్కడి కుర్రవాడు చెబుతాడు. ప్రాణములతో పని గనుక చాలామంది మారుమాటాడక డబ్బు ఇచ్చివేస్తారు. ఆ మాటలో నిజమెంతో చూద్దాము.

నైట్రోజన్ అంటే నత్రజనియే. మనము పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు అదే ఉన్నది. ఆమ్లజని 21 పాళ్లు. తక్కినది ఆర్గాన్ మొదలైనవి. అంటే ఉచితముగా పట్టే గాలి కూడా ముప్పాతికకు పైగా నత్రజనియే! బంకులోని యంత్రము ఆ గాలినే పీల్చి, ఆమ్లజనిని, తేమను చాలవరకు వేరుచేసి మిగిలినది మనకు ఇస్తుంది.

దీనివలన ప్రయోజనము బొత్తిగా లేదని కాదు. రబ్బరు ఎంత గట్టిగా కనిపించినా దాని గుండా వాయువుల అణువులు మెల్లగా బయటికి జారిపోతుంటాయి. ఆమ్లజని అణువు నత్రజని అణువుకంటె బరువైనదే. కాని పరిమాణములో కొంచెము చిన్నది, రబ్బరులో ఎక్కువగా కరుగుతుంది. అందుచేత అది మూడు నాలుగు రెట్లు త్వరగా దాటిపోతుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికవారు 2006-07లో 31 రకముల టైర్లను ఒక ఏడాది ఆరుబయట ఉంచి పరీక్షించారు. మొదట అన్నిటిలోను చదరపు అంగుళమునకు 30 పౌండ్ల పీడనము ఉంచారు. ఏడాది తిరిగేసరికి గాలి పట్టినవి సగటున 3.5 పౌండ్లు, నత్రజని పట్టినవి 2.2 పౌండ్లు కోల్పోయాయి. తేడా 1.3 పౌండ్లు మాత్రమే. నెలకొకసారి టైర్లు చూపించుకొనేవారికి ఇది ఒక లెక్క కాదు.

ఇక ఎండ మాట. వేడికి నత్రజని పీడనము పెరగదని కొందరి నమ్మకము. ఇది పొరపాటు. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 32 పౌండ్లు పట్టిన టైరు పరుగులో 57 డిగ్రీలకు వేడెక్కినదనుకొందాము. గేజి చూపే 32కు బయటి వాతావరణ పీడనము సుమారు 15 కలిపితే 47 అవుతుంది. పరమ ఉష్ణోగ్రత 300 నుండి 330కి, అనగా పదోవంతు పెరిగినది. పీడనము కూడ పదోవంతు, సుమారు 5 పౌండ్లు పెరుగుతుంది. లోపల నత్రజని ఉన్నా, గాలి ఉన్నా లెక్క ఇదే. తేడా తెచ్చేది తేమ. గాలి యంత్రపు తొట్టిలో చేరిన నీరు టైరులోకి పోతే, అది వేడికి ఆవిరియై ఇంకో రెండు పౌండ్ల వరకు కలపగలదు. పందెపు కార్లకు పొడి నత్రజని వాడటానికి ఇదొక కారణము.

విమానముల సంగతి వేరు. 1986 మార్చి 31న మెక్సికో నగరము నుండి లేచిన మెక్సికానా సంస్థ బోయింగ్ 727 విమానములో బ్రేకు మితిమీరి వేడెక్కి, నత్రజనికి బదులు గాలి పట్టిన టైరు పేలినది. అందులోని 167 మందిలో ఒక్కరూ బ్రతకలేదు. అంతటి వేడిలో రబ్బరునుండి వెలువడే ఆవిరులు టైరులోని ఆమ్లజనితో కలిసి మండగలవు. 1987లో అమెరికా విమానయాన శాఖవారు పెద్ద విమానముల బ్రేకు చక్రములలో ఆమ్లజని నూటికి 5 పాళ్లకు మించరాదని శాసించారు. దారిన పోయే కారు టైరు మామూలుగా అంత వేడికి రాదు.

మరి కారు టైరు ఎందుకు పేలుతుంది? చాలాసార్లు గాలి తక్కువై. అప్పుడు పక్కగోడలు చుట్టుచుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తూ కాగిపోతాయి. లోపలి పొరలు విడిపోతాయి. ఎండకు భయపడి గాలి తగ్గించేవారు సరిగా ఈ ప్రమాదమునే కొనితెచ్చుకొంటున్నారు. ఎంత పీడనము ఉండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు చట్రము మీది చీటీలో ఉంటుంది. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, ఆ అంకె చూచి పట్టించాలి.

నత్రజని పట్టిన టైరులో దారిలో పీడనము తగ్గితే మామూలు గాలి కలుపవచ్చునా అని అడుగుతుంటారు. నిశ్చింతగా కలుపవచ్చును. గాలి తీసివేసిన టైరు కూడ నిజముగా ఖాళీ కాదు. పైన చెప్పిన 47లో 15 పౌండ్ల గాలి అందులో ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఆ గాలిమీదనే నత్రజని పట్టుతారు. నత్రజని దొరికేవరకు ఆగుదామని మెత్తబడిన టైరుతో నలభై మైళ్లు నడిపితేనే చిక్కు.