గంజి, గోరుచిక్కుడు, మెత్తని బట్ట

మేము ఈ హాస్టల్లోనే ఉండి చదువుకుని, ప్రస్తుతం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్నాము. వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం కావాలన్నారు. మనకు బాగా అనుభవమున్న బట్టలుతుకుడు గురించే రాస్తున్నాము.

ఎండలో ఆరేసిన తువ్వాలు అప్పడంలా బిరుసెక్కడం మనకు కొత్త కాదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారి నూలుపోగులకు పట్టుకోవడం ఒక కారణం. ఇంకొకటి వింతైనది. బట్ట ఆరినా నూలును అంటిపెట్టుకుని కొంచెం నీరు మిగులుతుంది. ఆ నీరే పోగుకూ పోగుకూ మధ్య జిగురులా పనిచేస్తుందని జపాన్ పరిశోధకులు 2020లో చూపించారు. తువ్వాలును రెండు చేతులా నలిపితే మెత్తబడేది ఆ అతుకులు విడిపోవడం వల్లనే.

పట్నాల్లో దీనికోసం ఆఖరి జాడింపు నీళ్లలో ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోస్తారు. మా అమ్మ ఇళ్లలో బట్టలుతుకుతుంది. దాన్ని "వాసన మందు" అంటుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లము మేమే కాబట్టి, "అందులో ఏముందిరా, ఆ నీళ్లు కాల్వలో పోస్తే ఏమవుతుంది?" అని మమ్మల్నే అడిగింది.

అందులో ఉన్నది ధనావేశం గల తల, రెండు పొడవాటి కొవ్వు తోకలు ఉన్న అణువు. నీటిలో నూలుకు కొద్దిగా ఋణావేశం ఉంటుంది కనుక ఆ అణువు బట్టకు అంటుకుంటుంది. తోకలు నూనె రాసినట్టు పోగులను జారేలా చేస్తాయి. పూర్వం వీటిని ఎక్కువగా పశువుల కొవ్వుతో తయారుచేసేవారు. ఆ రసాయనం నదుల అడుగు బురదలో త్వరగా విచ్ఛిన్నం కాదు, నీటి జీవులకు హాని. అందుకని 1990 ప్రాంతంలో యూరప్‌లో దాన్ని వదిలి ఎస్టర్‌క్వాట్‌లకు మారారు. వీటిలోని ఎస్టర్ బంధం నీటిలో తెగిపోతుంది, మిగిలిన ముక్కలను సూక్ష్మజీవులు తినేస్తాయి. ఎస్టర్ జలవిశ్లేషణను బట్టీపట్టే తమ్ముళ్లూ, ఆ సమీకరణం పనికొచ్చేది ఇక్కడే!

అయితే ఎస్టర్‌క్వాట్‌లకు ఇప్పుడు ముఖ్యమైన ముడిసరుకు పామాయిల్. చిక్కటి సాఫ్ట్‌నర్‌లో ఇవి 10 నుంచి 15 శాతం ఉంటాయి. పామాయిల్ తోటల కోసం ఇండోనేషియా, మలేషియాల్లో అడవులు నరికారు. కాబట్టి సీసా మీద "మొక్కల నుంచి తయారైనది" అని ఉంటే సరిపోదు. పామాయిల్ కూడా మొక్కదే కదా! అసలు ఎంత వాడుతున్నారన్నది చూడాలి.

ఇక్కడికే గోరుచిక్కుడు వచ్చింది. తెలంగాణ సోదరులకు గోకరకాయ. దీని గింజల్లోని జిగురు చక్కెర అణువుల పొడవాటి గొలుసు, అంటే పాలిమర్. గంజి కూడా అలాంటి గొలుసే. కానీ గంజి పోగుల మీద పొరలా ఆరి బట్టను బిరుసు చేస్తుంది. గోరుచిక్కుడు జిగురుకు ధనావేశం తగిలించి సాఫ్ట్‌నర్‌లో కొద్దిగా కలిపితే, ఎస్టర్‌క్వాట్‌లను సుమారు సగానికి తగ్గించినా మెత్తదనం తగ్గదని పేటెంట్లు వచ్చాయి. మందు పలచబడకపోవడానికి ఎస్టర్‌క్వాట్‌లో పదోవంతు జిగురు చాలునని పారిస్ శాస్త్రవేత్తలు 2018లో తెలిపారు. ఎస్టర్‌క్వాట్‌లు నీటిలో సన్నటి బుడగల్లా ఉంటాయి. జిగురు వాటిని దగ్గరగా గుమిగూడేలా చేస్తుంది.

ధనావేశం తగిలించడం ఫ్యాక్టరీ పనే, ఇది పూర్తిగా ప్రకృతి సిద్ధం కాదు. అయినా సగం తగ్గడం చిన్న విషయం కాదని మా అభిప్రాయం. పైగా ప్రపంచంలో ఈ పంట అధికభాగం మన దేశానిదే, ముఖ్యంగా రాజస్థాన్‌ది. అమెరికా చమురు, గ్యాస్ బావుల గిరాకీతో 2012లో దీని ధర ఆకాశానికంటి తర్వాత పడిపోయింది. ఒక్క గిరాకీనే నమ్ముకునే రైతుకు ఇలాంటి ఇతర ఉపయోగాలు అవసరం.

మన హాస్టల్ తువ్వాళ్లకు మాత్రం ఏ మందూ కొనవద్దు. సాఫ్ట్‌నర్ పట్టిన తువ్వాలు నీరు సరిగ్గా పీల్చదు. సబ్బు తగ్గించి, ఒక బకెట్ ఎక్కువ జాడించి, గట్టిగా దులిపి ఆరేయండి. ప్రాజెక్టు కావలసిన బీఎస్సీ తమ్ముళ్లు ఒకే తువ్వాలును రెండు ముక్కలు చేసి, ఒకటి బోరు నీళ్లలో, ఒకటి వాన నీళ్లలో అదే సబ్బుతో పదిసార్లు ఉతకండి. ఆరాక ఒక్కొక్క నీటిచుక్క వేసి, పీల్చడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసి మాకు పంపండి.